వృద్ధాశ్రమంలో సంరక్షణ: నాణ్యతను పరీక్షించడం ఎలా?

వృద్ధులైన తల్లిదండ్రులను కడదాకా తమ పంచనే ఉంచుకొని సేవించడం మన సమాజంలో తరతరాలుగా వస్తున్న ధర్మం. దివ్యఖుర్‌ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులు ఈ ధర్మాన్ని అల్లాహ్ ఆరాధన వెంటనే పేర్కొంటున్నాయి. ముసలితనానికి చేరిన తల్లిదండ్రుల యెదుట విసుగును తెలిపే చిన్న శబ్దాన్ని సైతం అవి నిషేధిస్తున్నాయి. కనుక వృద్ధాశ్రమమనే మాట వినగానే ముస్లిం కుటుంబాలలో సంకోచం కలగడం సహజమే. అయితే సంతానం లేనివారు, సంతానాన్ని పోగొట్టుకున్నవారు, బిడ్డలు గల్ఫ్ దేశాలలోనో అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడగా బందరులో, గుడివాడలో, దివిసీమ గ్రామాలలో ఒంటరిగా మిగిలినవారు ఎందరో ఉన్నారు. మంచం పట్టిన వృద్ధుణ్ణి రాత్రింబవళ్లు కనిపెట్టుకొని ఉండే శక్తిలేని పేద కుటుంబాలూ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. అప్పటి జనాభాలో వారు సుమారు 8.6 శాతం.

ఈ పరిస్థితిలో ఒక కుటుంబం తన పెద్దను ఆశ్రమంలో చేర్చవలసి వచ్చినా, ఒక జమాఅత్ తానే ఆశ్రమం నెలకొల్పదలచినా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఇక్కడ జరుగుతున్న సంరక్షణ మంచిదని ఎలా తెలుసుకోవాలి? గేటు వద్ద పూలమొక్కలు, నేలపై నున్నని పలకలు, గోడపై దాతల పేర్లు చూసి సంతృప్తిపడేవారు చాలామంది. ఈ గుర్తులేవీ రాత్రి రెండు గంటలకు దాహంతో పిలిచిన వృద్ధురాలికి నీళ్లు అందాయో లేదో చెప్పవు. పరీక్షకు ఒక పద్ధతి కావాలి.

చట్టం చెప్పేదెంత?

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. 60 ఏళ్లు నిండిన పౌరులందరినీ అది వయోవృద్ధులుగా గుర్తిస్తుంది. పోషణకోసం వారు పెట్టుకునే దరఖాస్తులను విచారించే ట్రిబ్యునల్‌కు రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహిస్తారు. మచిలీపట్నం, గుడివాడ రెండూ డివిజన్ కేంద్రాలే. సంతానం లేని వృద్ధులు తమ ఆస్తికి వారసులు కాగల బంధువుల నుండి పోషణ కోరవచ్చు. తమను చూసుకుంటారన్న షరతుపై ఆస్తి రాసియిచ్చి, ఆ తరువాత నిరాదరణకు గురైనవారు 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజు రద్దును కోరవచ్చు. వృద్ధులను కావాలని వదలివేసిన సంరక్షకులకు మూడు నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించడానికి 24వ సెక్షన్ వీలు కల్పిస్తుంది.

ఆశ్రమాల విషయం 19వ సెక్షన్‌లో ఉన్నది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, ఒక్కొక్క దానిలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేటట్లు రాష్ట్ర ప్రభుత్వాలు ఆశ్రమాలను స్థాపించవచ్చునని ఆ సెక్షన్ అంటుంది. 'స్థాపించవచ్చు' అన్నదే గాని 'స్థాపించి తీరాలి' అనలేదు. ఈ చట్టం అమలుకు కేంద్రం రూపొందించిన మాదిరి నియమాలు కొన్ని కొలతలిచ్చాయి. పడక గదిలో ఒక్కొక్కరికి 7.5 చదరపు మీటర్లు, వంటశాల, భోజనశాల వగైరాలతో కలిపి ఒక్కొక్కరికి 12 చదరపు మీటర్లు స్థలం ఉండాలి. స్త్రీ పురుషులకు వేర్వేరు గదులు, వికలాంగులకు అనువైన మరుగుదొడ్లు, మెట్లకు బదులు వాలుదారులు, పట్టుకొని నడవడానికి కడ్డీలు ఉండాలి. పౌష్టికాహారం, తగినన్ని బట్టలు, ప్రథమ చికిత్స, అత్యవసర వైద్యానికి ఏర్పాటు కూడా అందులో ఉన్నవే. ప్రైవేటు ఆశ్రమాలన్నిటికీ రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు విధించే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది గాని చట్టం కాకుండానే ఆ సభ కాలం ముగిసింది. కాబట్టి పరీక్షించే భారం చాలావరకు కుటుంబంపై, సమాజంపై ఉండిపోయింది.

మూడు కోణాలు

వైద్యసేవ నాణ్యతను కొలిచే శాస్త్రానికి ఆద్యుడిగా అవెడిస్ డొనబేడియన్ పేరు చెబుతారు. ఆయన బైరూత్‌లో పుట్టిన ఆర్మీనియన్ వైద్యుడు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశాడు. 1966లో ప్రచురించిన వ్యాసంలో ఆయన నాణ్యతను మూడు కోణాల నుండి చూడాలని ప్రతిపాదించాడు. మొదటిది ఏర్పాటు: కట్టడం, పరికరాలు, సిబ్బంది. రెండవది ఆచరణ: ఆ వసతులతో రోజూ నిజంగా జరిగే పని. మూడవది ఫలితం: ఆ పనివల్ల మనిషికి కలిగిన మేలు కీడులు. మంచి ఏర్పాటు ఉంటే మంచి ఆచరణకు వీలుంటుంది. మంచి ఆచరణ ఉంటే మంచి ఫలితానికి ఆశ ఉంటుంది. అయితే ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు. పది వీల్‌చైర్లు ఉండి, తోసేవారు లేక అవి గోడకు ఆనించి ఉన్న ఆశ్రమంలో ఏర్పాటు ఉన్నది, ఆచరణ లేదు.

ఏర్పాటు

కృష్ణా డెల్టాలో ఏర్పాటును పరీక్షించేటప్పుడు మొదట చూడవలసినది నీరు. తీర గ్రామాలలో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు తాగునీటికి చెరువులే ఆధారం. ఆశ్రమానికి మే నెలలో నీరెక్కడి నుండి వస్తుంది, దానిని ఎలా శుద్ధి చేస్తున్నారు, ఎన్ని రోజులకు సరిపడా నిల్వ ఉంటుంది అని అడగాలి. ఈ ప్రాంతపు ఉక్కపోతలో కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు తిరిగే ఏర్పాటు, దోమతెరలు విలాసాలు కావు. ముసలి శరీరానికి దాహం సరిగా తెలియదు, వేడిని తట్టుకునే శక్తి తక్కువ.

తరువాత మంచానికి, మరుగుదొడ్డికి మధ్యనున్న దారి. వృద్ధులు పడిపోయే ప్రమాదం ఈ దారిలోనే ఎక్కువ. రాత్రి దీపం వెలుగుతున్నదా, నేల తడిగా ఉన్నదా, గడప అడ్డుగా ఉన్నదా, కూర్చొని లేవడానికి కమోడు, పట్టుకోవడానికి కడ్డీ ఉన్నాయా అని స్వయంగా నడచి చూడాలి. ఇక సిబ్బంది. మొత్తం ఎంతమంది అని అడిగితే పగటి లెక్క చెబుతారు. అడగవలసిన ప్రశ్న ఇది: రాత్రి పది నుండి తెల్లవారుజాము వరకు మెలకువతో ఉండేవారు ఎందరు? వారిలో స్త్రీల వార్డుకు స్త్రీలున్నారా? మంచంలో ఉన్నవారిని ఎత్తి తిప్పడం వారికి ఎవరైనా నేర్పారా?

ఆచరణ

ఆచరణను ఆఫీసు గదిలో కూర్చొని తెలుసుకోలేము. ఒక పూట భోజనం చూడాలి. పళ్లు లేనివారికి అన్నం మెత్తగా వండి కలిపి పెడుతున్నారా? చేతులు వణికేవారికి తినిపించేవారు పక్కన కూర్చుంటున్నారా, నిలబడి గబగబా ముద్దలు కుక్కుతున్నారా? కంచంలో మిగిలినదెంత? షుగరు ఉన్నవారికీ లేనివారికీ ఒకటే వడ్డనా? ఎవరూ తినకుండానే వెనక్కి వెళ్లిన కంచం గురించి ఏ పుస్తకంలోనైనా రాస్తున్నారా?

మందుల విషయంలో ప్రతి మనిషికీ ఒక చీటీ, ఇచ్చిన వేళ, ఇచ్చినవారి సంతకం ఉండాలి. అల్లరి చేస్తున్నారన్న కారణంతో వైద్యుని సలహా లేకుండా నిద్రమాత్రలు వేయడం, మంచానికి కట్టడం, గదికి తాళం పెట్టడం సంరక్షణ అనిపించుకోవు. అవి సిబ్బంది కొరతను వృద్ధుని శరీరంపై రుద్దడమే.

మర్యాద కూడా ఆచరణలో భాగమే. స్నానం చేయించేటప్పుడు తెర వేస్తున్నారా? డెబ్బై ఏళ్ల మనిషిని ఇరవై ఏళ్ల పరిచారకుడు 'మీరు' అంటున్నాడా, 'నువ్వు' అంటున్నాడా? తాతగారు, అమ్మమ్మ, నానీ, దాదీ అన్న పిలుపు వినిపిస్తున్నదా, మంచం నంబరు వినిపిస్తున్నదా? ఖుర్‌ఆన్ నిషేధించిన ఆ చిన్న విసుగు శబ్దం ఇంటికే పరిమితమని ఎవరూ అనుకోరాదు.

డబ్బు సంగతి వేరుగా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకు 4 వేల రూపాయలు అయింది. ఆశ్రమవాసికి వచ్చే పింఛను ఎవరి చేతిలో పడుతున్నది? బ్యాంకు పుస్తకం ఎవరి దగ్గర ఉన్నది? ఫీజు కింద తీసుకుంటే రశీదు ఇస్తున్నారా? తన డబ్బుతో ఒక పండు కొనుక్కునే స్వేచ్ఛ లేని వృద్ధుడు ఆశ్రితుడుగా మిగిలిపోతాడు.

ఫలితం

ఫలితాన్ని కొలవడానికి గొప్ప యంత్రాలు అక్కరలేదు. ఒక తూకం మిషను, ఒక పుస్తకం చాలు. ప్రతివారినీ నెలకొకసారి తూచి రాయాలి. ఒక్క నెలలో శరీర బరువులో 5 శాతం తగ్గితే దానిని హెచ్చరికగా తీసుకొని కారణం వెదకాలన్నది వైద్యులు పాటించే సూత్రం. 50 కిలోల వృద్ధురాలికి అది రెండున్నర కిలోలు. పుస్తకం లేనిచోట ఈ తరుగు చీర కట్టు వదులైనప్పుడు గాని తెలియదు.

రెండవ గుర్తు పడక పుండ్లు. కదలలేని మనిషి ఒకే వైపు పడుకొని ఉంటే నడుము కింద, తుంటివద్ద, మడమలవద్ద చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. ఎవరికి ఈ ప్రమాదం ఉన్నదో ముందే గుర్తించడానికి ఇంగ్లండులో డొరీన్ నార్టన్ అనే నర్సు 1962లో ఒక కొలమానం తయారుచేసింది. శరీర స్థితి, మానసిక స్థితి, నడక, కదలిక, మలమూత్రాలపై అదుపు అనే అయిదింటికి ఒక్కొక్కదానికి 1 నుండి 4 వరకు మార్కులు వేయాలి. మొత్తం 20లో 14 గాని అంతకన్నా తక్కువ గాని వస్తే ఆ మనిషిని వేళప్రకారం పక్కకు తిప్పుతూ, చర్మం పొడిగా, శుభ్రంగా ఉంచుతూ కాపాడాలి. పరీక్షకు వెళ్లినవారు మంచంలో ఉన్నవారి మడమలు చూడటానికి అనుమతి కోరాలి.

మూడవది స్వయంగా చేసుకోగల పనులు. సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు 1963లో ఆరు పనులను ఏరి పెట్టారు: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం నుండి కుర్చీకి మారడం, మలమూత్రాలను ఆపుకోవడం, తినడం. చేరిన రోజున ఈ ఆరింటిలో ఎన్ని చేసుకోగలిగారు, ఆరు నెలలకు ఎన్ని అని పోల్చాలి. కొంత తరుగు వయసు వల్ల వచ్చేదే. కాని నడవగలిగిన మనిషిని 'పడిపోతాడు' అన్న భయంతో కుర్చీకే పరిమితం చేస్తే కాళ్లు త్వరలోనే పనిచేయడం మానేస్తాయి. వీటితో పాటు పడిపోయిన సంఘటనలు, ఆసుపత్రికి పంపిన రోజులు, మరణాలు, ప్రతిదానికీ కారణం అదే పుస్తకంలో రాయాలి.

అంకెలను అపార్థం చేసుకోరాదు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒక ఆశ్రమంలో ఏడాదికి పదిమంది మరణించారు, మరొకదానిలో ఇద్దరే మరణించారనుకుందాం. రెండవది మంచిదని చెప్పగలమా? మొదటిది మంచం పట్టినవారిని, ఎవరూ చేర్చుకోని పక్షవాత రోగులను చేర్చుకుంటూ ఉండవచ్చు. రెండవది నడవగలిగినవారినే చేర్చుకొని, మంచం పట్టగానే ఇంటికి పంపివేస్తూ ఉండవచ్చు. మరణాల సంఖ్యనే చూసి బహుమతులిస్తే బరువైన రోగులకు తలుపులు మూసుకుపోతాయి. కాబట్టి చేరేనాటి స్థితిని రాసిపెట్టుకొని, ఒకే స్థితిలో ఉన్నవారిని ఒకరితో ఒకరిని పోల్చాలి. 'మంచం పడితే ఏం చేస్తారు?' అన్న ప్రశ్నకు నిర్వాహకులిచ్చే జవాబు పరీక్షలో అతి ముఖ్యమైన జవాబు.

వృద్ధుల నోట వినడం

'ఇక్కడ బాగుందా?' అని అడిగితే దాదాపు ప్రతి వృద్ధుడూ బాగుందనే అంటాడు. పక్కన వార్డెన్ నిలబడి ఉంటాడు. వేరే దిక్కు లేదన్న భయం ఉంటుంది. పెట్టినవారిని తప్పుపట్టరాదన్న కృతజ్ఞత ఉంటుంది. కృతజ్ఞత సద్గుణమే గాని సాక్ష్యం కాదు. అందువల్ల ప్రశ్నలు నిర్దిష్టంగా ఉండాలి. నిన్న రాత్రి ఏం తిన్నారు? చివరిసారి బయటకు ఎప్పుడు వెళ్లారు? రాత్రి పిలిస్తే ఎవరు వచ్చారు, ఎంతసేపటికి? ఇంటికి ఫోను చేయాలంటే ఎవరిని అడగాలి? ఇక్కడ మీ స్నేహితులెవరు? బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త పీటర్ టౌన్‌సెండ్ ఇంగ్లండు, వేల్సులలోని 173 ఆశ్రమాలను సందర్శించి 1962లో గ్రంథం వెలువరించాడు. కడుపుకు తిండి, ఒంటికి బట్ట దొరికినా ఏకాంతం, పని, తోడు, తన యిష్టాయిష్టాలు కోల్పోయిన మనుషులను ఆయన అక్కడ చూశాడు. ఈ నష్టాలు తనిఖీ కాగితాలలో కనిపించవు. వృద్ధునితో ఒంటరిగా, తొందరపడకుండా మాట్లాడినప్పుడే తెలుస్తాయి. మాట పోయినవారు, మతిమరపు వచ్చినవారు చెప్పలేరు గనుక వారి గోళ్లు, పెదవులు, పక్కబట్టలు చూడాలి.

తుఫాను రాత్రి

ఈ ప్రాంతపు ఆశ్రమానికి మరెక్కడా లేని పరీక్ష ఒకటున్నది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మృతులు 10 వేలకు తక్కువ కాదు. పరుగెత్తలేనివారు, చెట్టెక్కలేనివారు, పట్టుకొన్నదానిని వదలకుండా ఉండే బలం లేనివారు అటువంటి నీటిలో ముందుగా పోతారు. 1990 మే తుఫాను నాటికి ప్రజలను ముందుగా తరలించడం నేర్చుకున్నందువల్ల ప్రాణనష్టం ఎన్నో రెట్లు తగ్గింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద రావడంతో లంక గ్రామాలు నీటిలో చిక్కుకున్నాయి.

కనుక మంచంలో ఉన్నవారు ఎందరో, వారిని మోయడానికి మనుషులు, వాహనం ఎక్కడి నుండి వస్తాయో, ఏ ఎత్తైన భవనానికి చేరుస్తారో, పది రోజుల మందులు, మందుల చీటీలు తడవని సంచిలో ఉన్నాయో లేదో అడగాలి. కాగితంపై పథకం చాలదు. అక్టోబరుకు ముందే ఒకసారి అందరినీ నిజంగా కదలించి చూశారా అన్నదే పరీక్ష.

ఇబాదత్, ఆహారం, అంతిమ సంస్కారం

ముస్లిం వృద్ధులు అన్ని మతాలవారున్న ఆశ్రమంలో ఉండవచ్చు. అందులో దోషమేమీ లేదు. అక్కడ వుజూకు నీరు అందుతున్నదా, నీరు తాకరానివారికి తయమ్ముమ్‌కు శుభ్రమైన మట్టి ఉన్నదా, ఖిబ్లా దిశ గుర్తుపెట్టారా, మాంసం వండినప్పుడు హలాల్ సంగతి చూస్తున్నారా అని తెలుసుకోవాలి. రమజానులో సహరీ వేళకు భోజనం అందాలి. అలాగే షుగరు మందులు వాడే వృద్ధుణ్ణి మొహమాటం కొద్దీ ఉపవాసం ఉండనివ్వకుండా వైద్యుణ్ణి, ఆలిమును సంప్రదించాలి. ఉపవాసం భరించలేని వృద్ధులకు ఫిద్యా సౌకర్యాన్ని షరీఅత్ కల్పించింది. మరణం సంభవిస్తే గుస్ల్, కఫన్, జనాజాలకు ఏ మస్జిదుకు కబురు చేయాలో ఫోను నంబరుతో సహా చేరిన రోజునే రాయించాలి. ముస్లిములు నడిపే ఆశ్రమం ఇతర మతాల వృద్ధులకు ఇదే గౌరవం చూపాలి. భిక్షమెత్తుతున్న వృద్ధ యూదునికి బైతుల్‌మాల్ నుండి జీవనభృతి ఏర్పాటు చేసిన హజ్రత్ ఉమర్ (రజి) వృత్తాంతాన్ని ఇమామ్ అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో నమోదు చేశారు.

పరీక్షించేది ఎవరు?

ధర్మకార్యాన్ని తనిఖీ చేయడం అమర్యాద అని భావించేవారున్నారు. ఇస్లామీయ చరిత్ర ఈ భావాన్ని బలపరచదు. సుల్తాన్ ఖలావూన్ 1284లో ఖాహిరాలో నెలకొల్పిన మన్సూరీ ఆసుపత్రి వఖ్ఫ్ ఆదాయంతో నడిచింది. వఖ్ఫ్‌కు లెక్క చెప్పే ముతవల్లీ ఉంటాడు. బజారులో తూనికలు చూసే ముహ్తసిబ్ వైద్యులను కూడా హునైన్ బిన్ ఇస్‌హాఖ్ గ్రంథం ఆధారంగా పరీక్షించాలని 12వ శతాబ్దికి చెందిన షైజరీ తన హిస్బా గ్రంథంలో విధించాడు. దానంతో నడిచే సేవ పరీక్షకు అతీతమని ఆనాటివారు అనుకోలేదు. డబ్బు చెల్లించిన రోగి వేరే వైద్యుణ్ణి వెదుక్కోగలడు. ధర్మంపై బ్రతికే నిరుపేద ఎక్కడికీ పోలేడు. కాబట్టి అతని తరఫున అడిగేవారు ఉండటం మరింత అవసరం.

ప్రతి ఆశ్రమానికీ నిర్వాహకులతో బంధుత్వం గాని, లాభం గాని లేని నలుగురైదుగురి సందర్శక సంఘం ఉండటం మేలు. అందులో ఒక వైద్యుడో నర్సో, కనీసం ఇద్దరు స్త్రీలు, ఆశ్రమవాసులే ఎన్నుకున్న ఒక వృద్ధుడు ఉండాలి. మూడు నెలలకొకసారి, అందులో ఒకసారైనా చెప్పకుండా, ఒకసారైనా రాత్రివేళ వెళ్లాలి. తూకం పుస్తకం, పుండ్ల లెక్క, పడిపోయిన సంఘటనలు చూసి, చూసినదానిని తేదీతో రాసి సంతకం చేయాలి. క్రితంసారి రాసిన లోపం సరిదిద్దారా అన్నదానితోనే తరువాతి పరీక్ష మొదలు కావాలి. మచిలీపట్నంలో 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులు, అధ్యాపకుల సహకారం ఇందుకు కోరవచ్చు. హింస, దోపిడీ కనిపిస్తే సంఘం కోసం ఆగకుండా వృద్ధుల సహాయవాణి 14567కు, అవసరమైతే పోలీసులకు తెలపాలి.

ఇక కుటుంబం సంగతి. పెద్దను ఆశ్రమంలో చేర్చడంతో సంతానపు బాధ్యత తీరదు. దాని రూపం మాత్రమే మారుతుంది. తరచుగా బంధువులు వచ్చే మనిషి పట్ల సిబ్బంది జాగ్రత్తగా ఉండటం సర్వత్రా కనిపించేదే. దూరదేశంలో ఉన్న కుమారుడు ప్రతినెలా ఫీజు పంపుతూ, ఆ నెల తల్లి బరువెంతో కూడా అడిగి తెలుసుకోవాలి. ఊళ్లో ఉన్న బంధువో, మస్జిదు కమిటీ సభ్యుడో ఆయన తరఫున వెళ్లి ఆమె పక్కన అరగంట కూర్చొని రావాలి. ఎవరూ రాని వృద్ధులు ప్రతి ఆశ్రమంలోనూ ఉంటారు. అలా వెళ్లినవారు వారి మంచం దగ్గర కూడా ఆగి, నిన్న రాత్రి ఏం తిన్నారని అడగాలి.